ఆ రొట్టె చేసిన చెయ్యి

"పెద్దమ్మగారు ప్రభువునందు నిద్రించారమ్మా" అని మా ఊరి పాస్టరుగారు ఫోన్ చేసినప్పుడు నేను స్టాఫ్‌రూములో అన్నం డబ్బా మూత తీస్తున్నాను. మా వాళ్ళు చనిపోయారని అనరు, నిద్రించారంటారు. మా పెద్దమ్మకి నిద్రించడం కొత్తేమీ కాదు. తల చాపకి ఆనితే చాలు, గురక మొదలయ్యేది. పక్కన ఎవరి కొంప మునిగినా ఆమె నిద్ర ఆమెదే. ఆ నిద్ర మీద నాకు మూడేళ్ళుగా కోపం. అందుకే కబురు విన్నాక నాకు ఏడుపు రాలేదు. "నాకు జవాబు చెప్పకుండానే పోయావన్నమాట" అనుకుని డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. మంచే రాస్తాను, ఆమెలో రాయడానికి వేరే ఏమీ లేదు కూడా. కానీ ఆ మంచితనం నన్ను ఎట్లా కోసిందో కూడా రాస్తాను. మా పెద్దమ్మ నాకు ద్రోహం చేసింది. ఈ మాట ఆమె బతికుండగా మొహం మీదే అన్నాను కాబట్టి ఇప్పుడు రాయడానికి నాకేమీ మొహమాటం లేదు.

మాది గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం మొదలయ్యే చోట ఒక నల్లరేగడి ఊరు. ఊరి పేరు రాయను. ఎందుకు రాయలేదో చివరికి మీకే తెలుస్తుంది. పత్తి, మిరప తప్ప ఆ ఊళ్ళో ఇంకో మాట లేదు. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే, పిల్లాజెల్లా లేని పెద్దమ్మ నన్ను పెంచింది. నాకు వరసకి పెద్దమ్మ, ఊరందరికీ పిలుపుకి పెద్దమ్మ. కూలిపనికి పోయేది. నన్ను చదివించి టీచర్ని చేసింది. సింగరాయకొండలో ఉద్యోగం వచ్చి నేను వచ్చేసినా, తను ఆ రెండు గదుల ఇల్లూ, చర్చీ వదిలి ఎక్కడికీ రాలేదు.

మిరపకోతల రోజుల్లో మా ఊరి తల్లులు పిల్లల మొహం ముట్టుకోరు. ఎంత కడిగినా చేతిలో ఘాటు పోదు. సబ్బుతో తోమినా, చింతపండుతో రుద్దినా, ఆ రాత్రి నిద్రలో చెయ్యి పొరపాటున పిల్ల కంటికి తగిలిందంటే ఇల్లంతా లేవాల్సిందే. పెద్దమ్మ నాకు ముక్కు తుడవాలన్నా, కన్నీళ్ళు తుడవాలన్నా మోచేతి పైభాగంతో తుడిచేది. ఆ గరుకు రవిక అంచు నా బుగ్గకి ఇప్పటికీ గుర్తే.

నెలలో మొదటి ఆదివారం మాత్రం వేరు. ఆ రోజు మా చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె విరిచి సంఘమంతా తలా ముక్క తీసుకునే ఆరాధన. దానికి రొట్టె చేసే సేవ మా పెద్దమ్మది. ఆ వారం గురువారం నుంచి మిరపతోటలోకి అడుగు పెట్టేది కాదు. "నాలుగు రోజులు కూలి పోతే పోయింది, చెయ్యి ఆరాలి" అనేది. శనివారం సాయంత్రం స్నానం చేసి, తల మీద ముసుగేసుకుని, గోధుమపిండి ముందు కూర్చునేది. పిండిలో నీళ్ళు పోసే ముందు ఒక పని చేసేది. చూపుడు వేలు తన కంటి కొసకి ఆనించి, కాసేపు అట్లాగే ఉంచి చూసుకునేది. మండకపోతే అప్పుడు కలిపేది. మండితే మళ్ళీ వెళ్ళి కడుక్కునేది. వేలు చల్లగా ఉందని తేలాక ముందు నన్ను పిలిచి, రెండు చేతులతో నా మొహం పట్టుకుని, అప్పుడు పిండి ముట్టుకునేది. కోతల కాలమంతా నేను ఆ శనివారాల కోసమే చూసేదాన్ని. బల్ల ప్రభువుదైతే కావచ్చుగానీ, ముందు ఆ చేతులు నావి.

మూడేళ్ళ కిందట ఆమె కంట్లో పొర ముదిరింది. ఒంగోలు ఆసుపత్రి నుంచి ఆపరేషన్‌కి రమ్మని ఉన్నట్టుండి కబురొచ్చింది, అదీ బల్ల ఉన్న వారంలో. శుక్రవారం నేను ఊరికి వెళ్ళి ఆమెను ఒంగోలు తీసుకెళ్ళాను. శనివారం ఆపరేషన్ అయింది. ఆదివారం పొద్దున, వద్దంటే వినకుండా, కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుతోనే బస్సెక్కి నేరుగా చర్చికి వచ్చింది. నేను పక్కనే కూర్చున్నాను. దారిలో "మరి ఈసారి రొట్టె ఎవరు చేశారు?" అని అడిగితే "చూశాలే ఏర్పాటు" అంది. అంతకంటే అడగలేదు నేను.

పాస్టరుగారు రొట్టె విరిచి పంపారు. ముందు వరసలో ఎవరో దగ్గారు. తర్వాత ఇంకొకరు. ముసలివాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. నా నాలుకకి తగలగానే నాకూ తెలిసింది. మిరపలో పుట్టి పెరిగిన ఊరు, ఎవరికీ చెప్పక్కర్లేదు. మిరప చేత్తో కలిపిన పిండి అది.

మా సంఘపెద్ద లేచాడు. చర్చికి స్థలం ఇచ్చిన ఇంటివాడు. గొంతు పెద్దది.

"ప్రభువు బల్లంటే ఆటలైపోయిందా? ఎవురు చేశారీ రొట్టె? రెండు కుండల నీళ్ళతో చేతులు కడుక్కోడానికి కూడా బద్ధకమా?"

అందరూ మా పెద్దమ్మ వైపు తిరిగారు. అప్పటిదాకా ఆ చేతి రొట్టె తిన్నవాళ్ళే, ఒక్కరు కూడా "ఇన్నేళ్ళలో ఇట్లా ఎప్పుడైనా జరిగిందా" అనలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"మా పెద్దమ్మ చెయ్యలేదండీ. మొన్నటి నుంచీ ఒంగోలు ఆసుపత్రిలో నాతో ఉంది. కట్టు కనపడట్లేదా మీకు? ఎవరు చేశారో కనుక్కుని మాట్లాడండి" అన్నాను.

అప్పుడు పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుని లేచింది.

"నేనే చేశానయ్యా. శుక్రవారం పోయే ముందే కలిపి, కాల్చి, గుడ్డలో చుట్టిపెట్టి పోయాను. కన్ను కనపడక చేతులు సరిగ్గా కడుక్కోలేదు. పిల్లకి ఆ సంగతి తెలవదు. సంఘం నన్ను క్షమించాల" అంది. అని, అక్కడే, ఆ కట్టుతోనే మోకాళ్ళ మీద కూర్చుంది.

పిల్ల! నలభై దాటిన పిల్లని. శుక్రవారం పొద్దున ఆ ఇంట్లో పొయ్యి కూడా వెలగలేదని నా కళ్ళతో చూశాను. నేనే సర్దాను ఆమె సంచి. నేను నిలబడి ఉన్నాను, ఆమె మోకాళ్ళ మీద ఉంది, సంఘమంతా నన్ను చూస్తోంది. "పిల్లలకి చదువు చెప్పేవాళ్ళే దేవుడి మందిరంలో నిలబడి ఇట్లా అంటే ఇంకేం చెప్తాం" అన్నాడు సంఘపెద్ద. ఎవరో నవ్వారు కూడా. ఆమె కోసం లేచాను, ఆమే నన్ను అబద్ధాలకోరుని చేసి కూర్చోబెట్టింది.

ఇంటికి వచ్చాక అడిగాను. అరిచాను అనాలి.

"ఎందుకు చేశావు నాకు ఇంత ద్రోహం? దేవుడి ముందు అబద్ధమాడావు!"

"ఆయనతో నేను మాట్లాడుకుంటాలేవే."

"మరి నాతో?"

"నీకు బస్సు టైమవుతోంది" అంది. అని పడుకుంది. నేను సంచి సర్దుకునేలోపే గురక.

రొట్టె సేవ ఆమె చేతిలోంచి తీసేశారు. సంఘపెద్ద ఇంటివాళ్ళు తీసుకున్నారు. కొన్నాళ్ళు వాళ్ళ కోడలు చేసింది, తర్వాత ఆ ఓపికా లేక టౌను బేకరీ నుంచి బ్రెడ్డు తెప్పించి ముక్కలు కోసి పెడుతున్నారు. బల్లకు పెద్దమ్మ చేతులు పనికిరాలేదు, ప్లాస్టిక్ కవర్లో వచ్చిన బ్రెడ్డు పనికొచ్చింది. ఇది తల్చుకున్నప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది. ఆమెకి మాత్రం ఏమీ లేదు.

ఆ తర్వాత ఆమె ఏం చేసిందంటే, ప్రతి శనివారం పొద్దు వాలే వేళకి చర్చి మెట్టు మీద ఒక సత్తుగిన్నెలో ఆముదం, పక్కన ముంతలో మజ్జిగ పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. కోతల నుంచి, కల్లాల నుంచి ఇళ్ళకి పోయే ఆడవాళ్ళు అటే పోవాలి. "రావే, చెయ్యి పెట్టు" అని ఒక్కొక్కరినీ పిలిచి, చేతులకి ఆముదం పట్టించి, వేళ్ళ సందుల్లో కూడా రుద్ది, తుడిచి, మజ్జిగతో కడిగి పంపేది. మా చర్చివాళ్ళే కాదు, రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. మొదట్లో నవ్వారట. తర్వాత వరస కట్టారు.

నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు "ఇదేం సేవ?" అని ఎత్తిపొడిచాను.

"ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడంటారు గదా. మన ఊళ్ళో మండేది కాళ్ళు కాదుగా" అంది, ఎవరి చెయ్యో రుద్దుతూనే.

ఒక శనివారం నేను అక్కడుండగానే సంఘపెద్ద భార్య వచ్చింది. ఇంట్లో పండుమిరప పచ్చడి తొక్కి చేతులు ఎర్రగా వాచాయి. సిగ్గుపడుతూ దూరంగా నిలబడింది. పెద్దమ్మే "రామ్మా, అట్లా నిలబడితే మంట తగ్గుద్దా" అని పిలిచి, అందరికన్నా ఎక్కువసేపు రుద్దింది. ఆమె వెళ్ళాక నేను ఉండబట్టలేక అడిగాను.

"ఆ చేతులకెందుకు రాశావు? ఆ ఇంటివాళ్ళేగా నిన్ను బల్ల దగ్గర నుంచి నెట్టింది?"

"మంటకి పెద్దిల్లు చిన్నిల్లు తెలవదే."

"నీకు రోషం లేదు పెద్దమ్మా."

"తగ్గితే తలేం తెగిపడదు" అని నవ్వింది. ఈ మాట ఆమెకి ఊతపదం. పొలంలో మేస్త్రీ తిట్టినా ఇదే, కరెంటువాడు కసిరినా ఇదే. నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండేది. తల తెగిపడకపోవచ్చు, పక్కన నిలబడినవాళ్ళు తల దించుకోవాల్సొచ్చింది గదా! ఆ రాత్రి చాప మీద పక్కనే పడుకుని "నీకు నిద్ర ఎట్లా పడుతుంది?" అని నిజంగానే అడిగాను, కోపంతో కాదు. "కింద కూర్చున్నవాళ్ళకి పడతామనే భయముండదు గదే" అంది. శాంతి అనే మాట పాస్టర్ల నోట చాలాసార్లు విన్నాను, నేను కూడా ప్రార్థనలో అడిగాను. అది ఎట్లా ఉంటుందో చూసింది మాత్రం ఆ చాప మీదే. చూసి అసూయపడ్డాను, ఎందుకంటే దాని ఖరీదులో సగం నా దగ్గర వసూలు చేసిందని నా ఫిర్యాదు.

భూస్థాపన రోజుకి ఊరంతా ఎర్రగా ఉంది. కల్లాల్లో కాయ ఆరబోసి ఉంది. శవపేటిక చర్చి ముందు పెట్టారు. చేతులు రెండూ గుండె మీద పెట్టి ఉన్నాయి. ఆడవాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చి ఆ చేతులు ముట్టుకుని పోతున్నారు. నేను తలాపున నిలబడ్డాను, పొడి కళ్ళతో. చూసినవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలుసు.

అప్పుడు వచ్చింది ఆమె. ఊళ్ళో అందరూ ఆమెను పిడుగురాళ్లామె అంటారు. సున్నపు బట్టీల్లో పనిచేసి, భర్త పోయాక మిరపకోతల గుంపుతో వచ్చి మా ఊళ్ళోనే ఉండిపోయిన మనిషి. మా చర్చిలోనే బాప్తిస్మం తీసుకుంది. అయినా వెనక వరసలోనే కూర్చునేది. "ఆమె ఏమిటి, ఎవరు?" అని కొందరు ఇంకా అడుగుతూనే ఉండేవాళ్ళు. ఆ "ఏమిటి"కి అర్థం ఈ జిల్లాల్లో పుట్టినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పెద్దమ్మ ఇంటికి వస్తూ పోతూ ఉండేది. నాకు ముఖపరిచయమే.

కల్లంలో తొడిమలు తీస్తూ కబురు విని అట్లాగే పరిగెత్తుకొచ్చింది. వెక్కి వెక్కి ఏడుస్తోంది, కానీ రెండు చేతులూ ఒంటికి దూరంగా చాపి పట్టుకుంది. మిరప చేతులు. మొహం తుడుచుకోలేదు, పెద్దమ్మ చేతులు ముట్టుకోలేదు. కన్నీళ్ళు ముక్కు మీదుగా కారి గడ్డం దాకా వస్తున్నాయి. ఎవరూ కదలకపోతే నేనే వెళ్ళి నా కొంగుతో ఆమె మొహం తుడిచాను. కళ్ళు మూసుకుని, మొహం పైకెత్తి, చిన్నపిల్లలా తుడిపించుకుంది. తుడుస్తుంటే, నాకొక్కదానికే వినపడేట్టు చెప్పింది.

"ఆ రొట్టె నేను చేశాను టీచరమ్మా."

సమాధుల దొడ్డి నుంచి వచ్చాక పెద్దమ్మ ఇంట్లో కూర్చుని మిగతాది చెప్పింది. ఆపరేషన్ కబురు రాగానే పెద్దమ్మ ఆమెకి కబురు పెట్టి, రొట్టె నువ్వు చెయ్యి అని చెప్పిందట. అంతకుముందే చాలాసార్లు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిందట. ఈమె ఆ వారమంతా కోతకి పోయిన మనిషి. శనివారం చేతులు బాగా కడుక్కుంది. మంట తెలియలేదు.

"సున్నంలో పనిచేసిన చేతులండీ. వీటికి వేడి తెలవదు, కారం తెలవదు. కన్నుకు ఆనించి చూసుకోవాలని పెద్దమ్మ తొందరలో చెప్పడం మర్చిపోయింది. నాకు తట్టలేదు. ఆరోజు నేను లేవబోయాను. నాకంటే ముందు పెద్దమ్మ లేచింది."

"తర్వాతైనా నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పనిచ్చేది కాదండీ. నువ్వు చేశావని తెలిస్తే, చూశారా అందుకే వాళ్ళని ముట్టుకోనివ్వకూడదు అంటారు, ఇక బల్ల మొహం చూడనివ్వరు నిన్ను అనేది. మర్చిపోయింది నేను, తప్పు నాదే అనేది. మీకు చెబుదామంటే..."

"చెప్పు."

"మా పిల్లకి నిజం కడుపులో ఆగదే, నా మీద ప్రేమతో అనేస్తుంది అనేదండీ."

కారణం తెలిస్తే కోపం పోతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పోలేదు, పెరిగింది. నా పరువు తీసిందని మాత్రమే అనుకున్నాను ఇంతకాలం. ఇప్పుడు తెలిసింది, ఎక్కడి నుంచో వచ్చిన మనిషిని నమ్మింది, తన చేతులతో పెంచిన నన్ను నమ్మలేదు. అది పరువు పోవడం కంటే ఎక్కువ నొప్పి. నా నోటి గురించి ఆమె అన్నది అబద్ధం కాదని తెలియడం ఇంకా నొప్పి.

కొన్నాళ్ళకి పెద్దమ్మ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టారు. చర్చి నిండింది. సంఘపెద్ద మాట్లాడాడు. తగ్గింపు గురించి చాలా బాగా మాట్లాడాడు. "మన సంఘంలో పెద్దమ్మలా తగ్గించుకున్న మనిషి లేదు. పొరపాటు జరిగినరోజు కూడా, వేరేవాళ్ళు కప్పిపుచ్చబోయినా, తానే ఒప్పుకుని మోకరించింది" అన్నాడు. 'వేరేవాళ్ళు' అన్నప్పుడు నా వైపు చూశాడు. తర్వాత "టీచరమ్మ రెండు మాటలు చెప్తారు" అన్నాడు.

లేచాను. వెనక వరసలో పిడుగురాళ్లామె కూడా సగం లేచింది. ఆమె మొహం చూస్తేనే తెలిసింది, నా కోసం చెప్పేయడానికి వచ్చింది. నేను ఊ అంటే చాలు. మూడేళ్ళుగా నేను ఎదురుచూసిన రోజు అది. ఆ పెద్దగొంతు మనిషి మొహంలో రంగు మారడం చూడాలని ఎంత ఉందో చెప్పలేను. చెయ్యి చాపి ఆమెను కూర్చోమన్నాను.

"ఆ రొట్టె మా పెద్దమ్మే చేసింది. నాకు తెలియక ఆరోజు లేచి మాట్లాడాను. సంఘం క్షమించాలి" అన్నాను. కూర్చున్నాను.

శాంతి వచ్చిందని అనను. మండింది. పోతూ పోతూ ఇది కూడా నాతో చేయించిందనిపించింది. దేవుడితో తను మాట్లాడుకుంటానంది కదా, నా అబద్ధం సంగతి కూడా కలిపి మాట్లాడమని మనసులో చెప్పాను.

బయటికి వచ్చేసరికి మెట్టు మీద పిడుగురాళ్లామె నిలబడి ఉంది. పక్కన పెద్దమ్మ సత్తుగిన్నె. ఇక నుంచి శనివారాలు తను కూర్చుంటుందట. నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. ఇదంతా రాసుకోమని ఆమే అంది, ఊరి పేరు ఒక్కటి రాయొద్దంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరు దాటేదాకా రోడ్డుకి రెండు పక్కలా కల్లాలే, ఎర్రగా. ఎందుకో చిన్నప్పటి శనివారం గుర్తొచ్చి, చూపుడు వేలు కంటి కొసకి ఆనించి, అట్లాగే కాసేపు ఉంచాను. భగ్గుమంది. పిడుగురాళ్లామె ఆ పొద్దున కూడా కల్లానికి పోయి వచ్చింది, నా చేతులు పట్టుకునేటప్పుడు ఆ సంగతి మర్చిపోయింది. కన్ను మూసుకుపోయింది, నీళ్ళు ధారగా కారడం మొదలుపెట్టాయి, రెండో కంట్లోంచి కూడా.

పక్క సీటులో ముసలామె చూసి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మిరప చెయ్యి తగిలిందా అమ్మా? రుద్దమాకు. కారనియ్యి, దాంతోనే పోద్ది" అని, తన మోచేతి పైభాగంతో నా బుగ్గ తుడిచింది.